తమ్ముణ్ణి ఆరబెట్టిన రోజు

సరిగ్గా భోజనాల వేళకి తమ్ముడు కాలవలోంచి లేచి వచ్చేవాడు. మునిగిపోయి రెండేళ్ళయినా ఒక్కపూటా వేళ తప్పలేదు. బతికుండగా ఈ బుద్ధి ఏమైందిరా అని అక్క దెప్పేది. పెరటి మెట్టు మీద నీళ్ళోడుతూ కూర్చుని, పెళ్ళాం పెట్టింది తిని, వీధులన్నీ ఓ చుట్టు తిరిగి మళ్ళీ నీళ్ళలోకి పోయేవాడు. "దారంతా తడిపేస్తాడు" అని పక్కింటావిడ గొణగడం తప్ప ఎవరికీ పేచీ లేదు.

అక్కది కాలవల శాఖలో ఉద్యోగం. నీటికలుపుని గుర్తుపట్టాలి. కణుపుకి మూడాకులుంటే పాతది, దానివల్ల బాధ లేదు. అయిదుండి, ఈనె వేలికి గరగరలాడితే ఎక్కణ్ణుంచో వచ్చిపడ్డ పీడ. గోరంత ముక్క చాలు, చెరువంతా మింగేస్తుంది. అందుకే పడవైనా, వలైనా, బూటైనా కడిగి ఎండబెట్టందే ఆవిడ కదలనివ్వదు.

ఆ ఏడు పడవ మొహం ఎరగని చోట్ల అయిదాకులు మొలిచాయి. పంక్చర్ షాపు తొట్టిలో, బడి వెనక గుంటలో, పేకాటరాయుళ్ళ అరుగు పక్క మడుగులో. మూడూ తమ్ముడు రోజూ ఆగే చోట్లే. అక్క ఇంటికొచ్చి వాడి పాదం ఒళ్ళో పెట్టుకుని వేళ్ళ సందుల్లోంచి పచ్చటి పోగు లాగింది. భూతద్దం పెట్టి లెక్కపెట్టింది. అయిదు.

"నువ్వేనట్రా, వెధవా!"

తమ్ముడు నవ్వాడు. నోట్లోంచి నీళ్ళొచ్చాయి.

"మూడని రాసెయ్యండి వదినా," అంది మరదలు.

"నిన్న బడి గుంటలో ఈ కలుపు పక్కింటి పిల్ల కాళ్ళకి చుట్టుకుంటే జుట్టు పట్టుకుని పైకి లాగారు. నేను మూడని రాస్తే వదిలేదా అది?"

"ఆరబెడితే ఈయన ఇక్కడే ఉంటాడా మరి?"

"తెలీదే. మనిషిని ఎప్పుడు ఆరబెట్టాను గనక!"

ఇద్దరూ తువ్వాళ్ళు తెచ్చారు. ఆరినచోటల్లా తమ్ముడు పలచబడ్డాడు. "వెచ్చగా ఉందే," అన్నాడు, రెండేళ్ళకి మొదటిమాటగా. చెవి వెనక ఆఖరి చుక్క తుడిచేసరికి మెట్టు మీద చొక్కా ఒక్కటే మిగిలింది.

మరదలి కుడిచెయ్యి గుప్పిట మూసుంది.

"చెయ్యి విప్పు."

విప్పలేదు. అక్క ఎండలో పక్కనే కూర్చుంది. ఎండిపోతుందిలే అనుకుంది. పొద్దువాలాక మరదలే విప్పింది. చెమట తాగిన కలుపు ముక్క, అరచేతి గీతలో వేరు దిగి, పచ్చగా ఉంది.

రిపోర్టులో కాలవ, తొట్టి, గుంట, మడుగు అన్నీ ఎక్కాయి. మరదలి అరచెయ్యి ఎక్కలేదు.

బతికున్నన్నాళ్ళూ ఆవిడ ఆ చెయ్యి నీళ్ళలో పెట్టలేదు.