సుభద్ర పేరు ఎదుట గీతలు

నేను ఒక హాజరుపట్టీని. పందొమ్మిది వందల పదిహేడులో రాజమండ్రిలో కుట్టి, నీలం అట్ట వేసి, గోదావరి మధ్య ఒక లంక ఊళ్ళోని ఆడపిల్లల బడికి పడవలో పంపారు. నా పని మహా తేలిక. వచ్చిన పిల్లకు గీత, రాని పిల్లకు సున్న. ఇందులో తికమక పడడానికి ఏముందని మీరు అనవచ్చు. నేనూ అలాగే అనుకున్నాను.

సోమేశం మేష్టారు నన్ను కళ్ళకద్దుకునిగాని తెరిచేవారు కాదు. పిల్లలు ఇరవైమంది. ఇరవయ్యోది ఆయన కూతురు సుభద్ర. పేరు పిలిస్తే అందరూ "హాజరండీ" అనేవారు, ఆ పిల్ల మాత్రం "వచ్చాను నాన్నా" అనేసి నాలిక్కరుచుకునేది. నాకు ఆ పిల్లంటే ప్రాణం.

ఆ మాఘంలో నూకాలు అనే పిల్లకు తట్టు పోసింది. వాళ్ళ గుమ్మానికి వేపమండలు కట్టారు. సరిగ్గా అప్పుడే ఇన్‌స్పెక్టరుగారు వస్తున్నారని కబురు. ఇరవైకి ఒక్కరు తగ్గినా బడి ఎత్తేస్తారట. మేష్టారు నన్ను చంకన పెట్టుకుని నూకాలు ఇంటికి పరుగెత్తారు.

"ఏడోరోజుగాని నీళ్ళు పొయ్యకూడదండి. అమ్మోరికి కోపం వత్తాదండి. ఇయ్యాల్టికి మూడోరోజేనండి," అంది తల్లి పైడమ్మ గుమ్మంలోంచే.

"ఆ నీళ్ళేవో రేప్పొద్దున్నే పోసెయ్యమ్మా. ఒక్క పూట కూర్చోబెట్టి పంపించేస్తాను. బడి పోతే మళ్ళీ రాదు."

మర్నాడు నూకాలు పసుపు మొహంతో వచ్చి సుభద్ర పక్కన చాప మీద కూర్చుంది. ఇన్‌స్పెక్టరుగారు తలలు లెక్కపెట్టి, నాలో ఇరవై గీతలు చూసి, భేషని సంతకం పెట్టారు. బడి నిలిచింది. నేనూ సిగ్గులేకుండా గర్వపడ్డాను.

పన్నెండు రోజులకు సుభద్ర మంచాన పడింది. మేష్టారు బడి మూసి పక్కనే కూర్చున్నారు. అయినా పిల్ల దక్కలేదు. నూకాలు మాత్రం కోలుకుంది.

మైల తీరాక మేష్టారు నన్ను తెరిచి పేర్లు పిలిచారు. ఇరవయ్యో పేరూ పిలిచారు. ఎవరూ పలకలేదు. సున్న పడుతుందని భయపడ్డాను. గీత పడింది. మర్నాడూ గీతే. ఏడాది ఆఖరిదాకా గీతలే. బడి కోసం గీశారా, సున్న చుట్టడానికి చెయ్యి రాలేదా? రోజూ ఆ చేతికిందే ఉన్నా నాకు అర్థం కాలేదు. ఇప్పటికీ కాదు. నేను మోస్తున్నది అబద్ధమో, ఏడుపో?

ఇప్పుడు మ్యూజియంలో గాజుపెట్టెలో ఉన్నాను. ఎవరో చదువుకున్నాయన నా పేజీలన్నీ తిరగేసి, పక్కన చీటీ పెట్టాడు. మొన్న ఒక టీచరమ్మ తన పిల్లలకు దాన్ని చదివి వినిపించింది.

"చూశారా, సుభద్ర అట. ఏడాదంతా ఒక్కరోజు కూడా బడి మానలేదు. మీరూ అలా ఉండాలి."

ముందు వరసలో ఒక పిల్ల జ్వరం కళ్ళతో తలూపింది.