మూడో వరుసలో పేరు

నేను ఒక పేర్ల పలకను. ఇప్పుడు పారిస్ శివార్లలో పావురాల గూటికి తలుపుగా ఉన్నాను. అవి రోజంతా నన్ను తోసుకుంటూ వస్తాయి, పోతాయి. నాకూ కుదురుగా ఉండే అలవాటు లేదు గనుక మా కాపురం బాగానే సాగుతోంది.

ఒకప్పుడు నేనొక ప్రభువుగారి గుర్రపు బండి తలుపులో చెక్కను. నా మీద ఆయన వంశచిహ్నం ఉండేది: రెండు సింహాలు, మధ్యలో కత్తి. ఆయన ఏనాడూ సింహాన్ని చూడలేదు, కత్తి దూయలేదు. జనం బాస్టిల్ కోటను కూల్చిన ఏడాదే సరిహద్దు దాటి పారిపోయాడు. తర్వాత వంశచిహ్నాలు రద్దన్నారు. ఒక వడ్రంగి నా సింహాలను చిత్రిక పట్టి, నల్లరంగు పూసి అమ్మేశాడు. నాకు బాధ కలగలేదు సరికదా, ఒళ్లు తేలికైంది.

రాజుగారి తల తీసిన ఏడాది వసంతంలో కొత్త చట్టం వచ్చింది. ప్రతి ఇంటి వీధి తలుపు మీదా లోపల ఉంటున్నవాళ్ల పేరు, వయసు, వృత్తి రాసి పెట్టాలట. రాజు పోయాక అందరూ స్వేచ్ఛాజీవులే గాని, ఎవరు ఏ ఇంట్లో స్వేచ్ఛగా ఉన్నారో పేటను కనిపెట్టి ఉండే విప్లవ కమిటీకి తెలియాలి కదా! అలా నేను సెయింట్ ఆంత్వాన్ పేటలో ఒక ఐదంతస్తుల ఇంటి తలుపెక్కాను. తలుపు మూస్తే వీధి, తెరిస్తే కాపలా గది కనిపించేవి. గాలి వీస్తే కొక్కెం మీద టకటకా కొట్టుకునేదాన్ని.

ఆ ఇంటి కాపలా మనిషి ఉర్సుల్. నడివయసు విధవరాలు, చదువు రాదు. అప్పట్లో 'మీరు' అనడం కూడా తప్పయింది, అందరూ అందరినీ నువ్వనాలి. పాపం, ఆవిడకు నోరు తిరిగేది కాదు. మూడో అంతస్తులో అద్దెకుండే ఒనోరే అనే అచ్చుపని కుర్రాడు నా మీద పేర్లు సుద్దతో రాసిపెట్టాడు. మూడో వరుసలో ఆవిడ కొడుకు: లూబిన్, ఇరవై నాలుగేళ్లు, వడ్రంగి. అక్షరాలు తెలియకపోయినా ఆ వరుస ఆవిడకు తెలుసు. తుడుపుగుడ్డ అటు పోనిచ్చేది కాదు.

లూబిన్ దేశం కోసమని సైన్యంలో చేరి ఉత్తర సరిహద్దుకు వెళ్లాడు. శరత్కాలంలో ఉత్తరం వచ్చింది. లూబిన్ యుద్ధంలో పోయాడని ఒనోరే చదివి చెప్పాడు.

"పేరు తుడిచెయ్యాలమ్మా. పోయిన మనిషి పేరు ఉంచితే నేరం," అన్నాడు.

"ఈ వారం ఉండనీ నాయనా," అంది ఆవిడ. ఏడవలేదు.

ఆ వారంలోనే ఒనోరే కొంప మీదికి తెచ్చుకున్నాడు. ఒక రాజును దించి పదిమందిని ఎక్కించుకున్నామని కరపత్రం అచ్చు వేశాడు. పట్టుకుంటే తల పోతుంది. తన పేరు తనే చొక్కా చేతితో తుడిచేసి అటక ఎక్కాడు. ఇక నా అవస్థ చెప్పనలవి కాదు. పేరున్న మనిషి ఇంట్లో లేడు, ఇంట్లో ఉన్న మనిషికి పేరు లేదు. అబద్ధం మోయడం నాకదే మొదలు.

ఒక పొద్దున అతను సూపు తాగడానికి కిందికి దిగాడు. అదే సమయానికి కమిటీ వాళ్లు ముగ్గురు ఈటెలతో తలుపు తోశారు.

"ఎవడితను?"

ఒనోరే వేళ్లకు సిరా మరకలున్నాయి. గిన్నె కింద దాచుకున్నాడు. ఉర్సుల్ లేచి నా దగ్గరకు వచ్చి మూడో వరుస మీద చెయ్యి వేసింది.

"నా కొడుకండీ. ఇక్కడ ఉందిగా! జ్వరం తగిలితే సైన్యం నుంచి పంపేశారు."

వచ్చినవాడు నన్ను చదివాడు. ఒనోరే వైపు సరిగ్గా చూడను కూడా లేదు. "సరిపోయింది," అని పక్కింటికి వెళ్లిపోయాడు. ఎదురుగా ఉన్న మనిషి కంటే చెక్క మీది సుద్దగీత మీదే ఈ మనుషులకు నమ్మకం. ఆ రోజు మాత్రం వాళ్ల తెలివితక్కువతనానికి దండం పెట్టుకున్నాను.

అయితే ఆ రోజు నుంచి ఆవిడ పెరట్లోకి వినిపించేలా అతన్ని "లూబిన్" అని పిలవాలి. మొదట్లో పేరు తడబడేది. నెల తిరిగేసరికి అలవోకగా వచ్చేసింది. అతనూ "అమ్మా, వస్తున్నా" అనేవాడు. ఆవిడ మొహంలో కళ వచ్చింది. నాకు భయం వేసింది.

మరుసటి ఎండాకాలం తలలు తీయించినవాళ్ల తలలే పోయాయి. జైళ్లు తెరిచారు. ఒనోరే సుద్దముక్క పట్టుకుని నా ముందుకొచ్చాడు.

"రేపు రాసుకుందువుగానిలే," అంది ఉర్సుల్. ఆ రేపు మూడు వారాలు సాగింది.

"నాంత్‌ నగరంలో మా అమ్మ ఉందమ్మా," అన్నాడు అతను ఒకనాడు. "నేను చచ్చానో బతికానో ఆమెకు తెలియదు."

ఆవిడ లేచింది. లోపలికెళ్లి గుడ్డ తడిపి తెచ్చి, మూడో వరుసను తన చేత్తోనే తుడిచింది. అతను అడుగున తన పేరు రాసుకున్నాడు.

మధ్యాహ్నం ఎప్పటిలాగే కేక వేసింది. "లూబిన్! సూపు చల్లారిపోతోంది!"

పెరట్లో కట్టెలు కొడుతున్న ఒనోరే నడుం నిటారుగా చేశాడు. ఆవిడ ఇంకోసారి పిలిచింది. ఎవరూ పలకలేదు.

అప్పుడు గడప మీద కూలబడి ఏడ్చింది. పది నెలలు ఆపుకున్న ఏడుపు. ఒనోరే గొడ్డలి పడేసి వచ్చి పక్కన కూర్చున్నాడు. వీధిలో కిటికీలు తెరుచుకున్నాయి గాని, ఏమైందని ఒక్కరూ అడగలేదు. ఆ వీధిలో ప్రతి పలక మీదా అప్పటికి ఒక వరుస ఖాళీగానే ఉంది.