అంచులు లేని గది

చిన్న గదిని పెద్దదిగా చూపించడం పిట్టకు వెన్నతో పెట్టిన విద్య. పిట్ట అసలు పేరు కాదు, అక్క పెట్టిన ముద్దుపేరు. నలభైకి దగ్గరపడుతున్నా అక్క నోట అదే మాట. పిట్ట ఓ పెద్ద ఫర్నిచర్ షోరూంలో పని చేస్తుంది. మంచాలూ సోఫాలూ అమ్మేవాళ్ళు వేరే ఉన్నారు. ఈమె పనల్లా మూడు గోడల మధ్య ఓ ఉత్తుత్తి ఇల్లు సర్దడం. చూసినవాళ్ళకి "అబ్బ, మనకీ ఇలాంటి ఇల్లుంటేనా!" అనిపించాలి. తొమ్మిదేళ్ళుగా చేస్తున్న ఆ పనిలో గుట్టంతా ఒక్క ముక్కలో చెప్పేయొచ్చు: అంచులు కనబడకూడదు. గోడ రంగే తలుపుకీ వేయాలి, తలుపు రంగే బీరువాకీ వేయాలి. ఏ వస్తువు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తోందో కంటికి అందకపోతే అగ్గిపెట్టెంత గది కూడా హాలులా కనిపిస్తుంది.

ఇన్ని ఉత్తుత్తి ఇళ్ళు సర్దిన మనిషి సొంత అక్క ఇంటి గడప తొక్కి ఏడాదిన్నర అయింది. దూరం చూస్తే బస్సులో నాలుగు గంటలు. సెలవు దొరకలేదని ఒకసారి, అమ్మకాల రద్దీ అని ఒకసారి, జలుబని ఒకసారి రోజులు దొర్లించింది. ఎనిమిది నెలల క్రితం అక్క తనంతట తానే ఫోన్ చేసింది.

"ఒకసారి వచ్చి వెళ్ళవే పిట్టా. నీతో ఓ మాట చెప్పాలి."

"ఫోన్లో చెప్పేయక్కా, వింటున్నాగా."

"ఫోన్లో చెప్పేది కాదులే. నీకు వీలైనప్పుడే రా."

ఆ వీలు కాస్తా అక్క ఆసుపత్రి మంచమెక్కాక గానీ చిక్కలేదు. అదీ అక్క చెప్పలేదు. ఎదురింట్లో ఉండే రిటైర్డ్ బస్సు కండక్టర్ గారు ఫోన్ చేసి, మీ అక్కకి పిత్తాశయంలో రాళ్ళట, రేపే ఆపరేషనట అని చెప్పారు. పిట్ట ఉన్నపళంగా బస్సెక్కింది. దారి పొడుగునా ఒకటే ఆలోచన, ఏ ముఖం పెట్టుకుని అక్క ముందు నిలబడటం అని. అమ్మ పోయాక తనని పెంచింది అక్కే. దర్జీ కొట్లకు కాజాలు కుట్టి, అంచులు మడిచి, చూపుడువేలు సూది పోట్లతో జల్లెడైపోయినా చెల్లెలి చదువు ఆగనివ్వలేదు. పెళ్ళి గోల వద్దని, మనిద్దరం చాలదూ అని నవ్వేసేది.

ఆపరేషన్ బాగానే జరిగింది. బాగా లేనిదల్లా అక్క చూపు. మాట మామూలుగానే ఉంది. "తిన్నావా? ఎక్కడ పడుకుంటున్నావు?" అని అడిగింది, చేయి పట్టుకుంది. కానీ చెల్లెలి ముఖం వంక మాత్రం చూడలేదు. పక్కకి, ఎక్కడో చెవి అవతలికి చూస్తూ మాట్లాడింది. పిట్ట స్టూలు కాస్త జరుపుకుని ఆ చూపుకి ఎదురుగా వచ్చింది. అక్క వెంటనే ముఖం ఇంకో వైపు తిప్పింది. పిట్ట మళ్ళీ జరిగింది. అక్క మళ్ళీ తిప్పుకుంది. ఆ వారం రోజులూ, ప్రతి సాయంత్రం, చూడటానికి ఇచ్చిన గంటసేపూ ఇదే తంతు.

అక్కకి కోపం వచ్చింది. రాదా మరి? మాటల్లో చూపించే రకం కాదు కాబట్టి చూపుల్లో చూపిస్తోంది. పిట్టకి తల తీసేసినట్లయింది. తప్పయిందక్కా అని అనడానికి నోరు పెగల్లేదు. నోరు పెగలనివాళ్ళు తమకొచ్చిన పని చేస్తారు. అక్క ఇంటికి వచ్చేసరికి ఆ ఇంటిని కళ్ళు చెదిరేలా సర్దిపెట్టాలని పిట్ట నిశ్చయించుకుంది.

అక్క ఉండేది మూడో అంతస్తులో. ఒకే గది, దానికి ఆనుకుని ఓ మెట్టు దిగితే వంటగది, పక్కన స్నానాలగది. పిట్ట తాళం తీసి లోపలికి వెళ్ళిన రోజే నెత్తి కొట్టుకుంది. వంటగది మెట్టు అంచున జానెడు వెడల్పు నల్ల పట్టీ అంటించి ఉంది. స్విచ్చుల చుట్టూ నల్ల కాగితం. తలుపు గొళ్ళాలకి, సొరుగు పిడులకి ఎర్ర ఉన్ని దారపు బంతులు. స్టవ్ మీటల మీద తెల్లటి రంగు బొట్లు. బల్ల మీద ఎరుపూ నలుపూ గళ్ళ రెగ్జిన్, చూస్తే తలనొప్పి వచ్చేలా ఉంది. సీసాలకి రబ్బరు బ్యాండ్లు, ఒకదానికి ఒకటి, ఇంకోదానికి మూడు. అలమర పక్కనే ముదురు గోధుమరంగు కుర్చీ, గోడకి అడ్డంగా, నడిచేవాడి మోకాలికి తగిలేలా. కుట్టుపని డబ్బా మాత్రం బీరువా పైన దుమ్ము కొట్టుకుపోయింది. కాజాలు విసుగొచ్చి లాండ్రీలో బట్టలు మడతపెట్టే పనికి పోతున్నానని అక్క ఫోన్లో చెప్పిన మాట గుర్తొచ్చింది. పాపం, ఒంటరిగా ఉండి ఉండి అక్కకి అందం మీద ధ్యాసే పోయిందనుకుంది పిట్ట. ఆ పాపం కూడా తన ఖాతాలోనే వేసుకుంది.

చేతిలో పెద్దగా డబ్బు లేదు. ఉండనక్కర్లేదు కూడా. షోరూంలో పాతబడిన తెర గుడ్డల నమూనాలు పారేస్తుంటే తెచ్చి దాచుకున్నవి సంచీలో ఉన్నాయి, వాటిని అతికి కిటికీకి తెర కుట్టింది. రంగుల కొట్టుకి వెళ్ళి, కలపడంలో తేడా వచ్చి ఎవరో తిప్పి పంపిన డబ్బాలున్నాయా అని అడిగింది. పాలమీగడ రంగు రెండు పెద్ద డబ్బాలు సగం ధరకే దొరికాయి. వాటితోపాటు ఎవరికీ అక్కర్లేని ముదురు మెరూన్ చిన్న డబ్బా ఒకటి కొట్టువాడు ఊరికే ఇచ్చాడు. ఈ దిక్కుమాలిన రంగు ఎవరికి కావాలి అనుకుని దాన్ని సింకు కింద పడేసింది.

బీరువా జరపడానికి కండక్టర్ గారిని పిలిచింది. ఆయన వచ్చి, పట్టీలు పీకేసిన మెట్టు వంక చూసి అక్కడే ఆగిపోయారు.

"ఆ నల్ల పట్టీలు తీసేశావా అమ్మాయ్?"

"ఎవరు అంటించారో గానీ బాబాయ్ గారూ, బంక వదలక గోళ్ళరిగిపోయాయి."

"నేనే అంటించాను."

పిట్ట నాలిక కరుచుకుంది. ఆయన ఏదో చెప్పబోయి మింగేశారు. "మీ అక్కనొక మాట అడిగి చేస్తే బాగుండేదేమో" అన్నారు చివరికి.

"అడిగితే వద్దంటుంది. మీకు తెలీదా, తనకోసం ఏదన్నా చేస్తామంటే ఒప్పుకునే మనిషేనా?"

"అది నిజమే" అని గొణిగి, బీరువాకి భుజం ఆనించారు. వెళ్ళేటప్పుడు కూడా గుమ్మం దగ్గర ఓ నిమిషం తటపటాయించారు. పిట్ట అప్పటికే బ్రష్షు పట్టుకుంది.

ఐదు రోజులు నడుం వాల్చకుండా చేసింది. గోడలు, తలుపులు, బీరువా, బల్ల, కుర్చీ, వంటగది మెట్టు, అన్నీ ఒకే పాలమీగడ రంగు. స్విచ్చులు గోడలో కలిసిపోయాయి. దారపు బంతులు, రబ్బరు బ్యాండ్లు, గళ్ళ రెగ్జిన్ మూటగట్టి చెత్తకుండీలో పడేసింది. బల్లని కిటికీ కిందికి మార్చింది, కుర్చీని మూలకి నెట్టింది. చివరి రోజు గుమ్మంలో నిలబడి చూసుకుంటే షోరూంలో కూడా ఇంత బాగా కుదరలేదనిపించింది. గది రెట్టింపు అయింది. గుండెల మీద బరువు కూడా కాస్త దిగింది.

మర్నాడు పొద్దున్న పదకొండింటికి అక్కని తీసుకొచ్చారు. కండక్టర్ గారు సంచీ పట్టుకున్నారు. గుమ్మం ముందు పిట్ట చిన్నపిల్లలా గెంతింది.

"కళ్ళు మూసుకో అక్కా! నేను తెరవమన్నప్పుడే తెరవాలి."

అక్క నవ్వి కళ్ళు మూసుకుంది. పిట్ట చేయి పట్టుకుని లోపలికి నడిపించి, "ఊఁ, ఇప్పుడు!" అంది.

అక్క కళ్ళు తెరిచింది. తల అటూ ఇటూ తిప్పింది. తర్వాత ముఖమంతా నవ్వు చేసుకుని, "అబ్బ, ఎంత బాగుందే! నీలం వేశావా? చిన్నప్పటి నుంచీ నీకు నీలమంటే పిచ్చి కదా. చల్లగా ఎంత హాయిగా ఉందో" అంది.

పిట్ట పకపకా నవ్వింది. అక్క వేళాకోళాలు తనకి కొత్త కాదు. కండక్టర్ గారు మాత్రం నవ్వలేదు. ఆయన చేతిలో సంచీ గట్టిగా నొక్కిపట్టి నేల చూస్తున్నారు.

అక్క నాలుగడుగులు వేసి, చేతిలోని మందుల కవరు ఎప్పుడూ బల్ల ఉండే చోట పెట్టింది. అక్కడ బల్ల లేదు. కవరు నేల మీద పడి సీసా భళ్ళుమంది. "అయ్యో, చేయి జారింది" అని గబగబా వెనక్కి తిరిగి, "గుడ్డ తెస్తానుండు" అంటూ వంటగది వైపు కాలు వేసింది. మెట్టు ఉందని ఆ కాలికి తెలియలేదు. గాల్లో తేలి ముందుకు తూలుతుంటే కండక్టర్ గారు ఒక్క దూకు దూకి భుజం పట్టుకున్నారు.

పిట్ట నేల మీద మందు మడుగులో నిలబడిపోయి, అక్క వంక, మెట్టు వంక, మీగడలా మెరిసిపోతున్న గోడ వంక చూసింది.

"అక్కా, గోడలు ఏ రంగు?" అంది.

అక్క గోడ కోసం చేయి చాచి తడిమింది.

"ఇక దాచి లాభం లేదమ్మా" అన్నారు కండక్టర్ గారు అక్కతో. పిట్ట వైపు తిరిగి, "ఒట్టు పెట్టించుకుంది అమ్మాయ్. చెప్పలేక ఐదు రోజులూ చచ్చాను" అని సంచీ అక్కడే పెట్టి, తల వంచుకుని వెళ్ళిపోయారు.

మూలనున్న కుర్చీ అక్కకి కనబడలేదు. పిట్ట తీసుకొచ్చి కూర్చోబెట్టింది. అక్క మామూలుగా, బజారు సంగతులు చెప్పినట్టు చెప్పింది.

"కంటి వెనకాల పొర పాడైందంట. దేన్నైనా సూటిగా చూస్తే సరిగ్గా అదే మాయమైపోతుంది. పక్కల నుంచి మసగ్గా కనబడుతుంది. సూదిలో దారం ఎక్కించలేక కాజాలు మానేశా. మందులేస్తున్నారు, ఉన్నదాన్ని నిలబెడతామన్నారు. పోయింది రాదంట. లేత రంగులన్నీ ఒక్కలాగే ఉంటాయి, తెలుపు మీద తెలుపు అస్సలు తెలీదు. ముదురు రంగైతే పోల్చుకుంటా."

"ఎనిమిది నెలల కింద నువ్వు ఫోన్ చేసింది..."

"దాని గురించే."

పిట్టకి ఏడుపు తన్నుకొచ్చింది. "నాకెందుకు చెప్పలేదక్కా? రాకపోతే మాత్రం, ఫోన్లో ఒక్క మాట అనలేకపోయావా?"

"అప్పుడేదో బెంగపడి పిలిచాను, తర్వాత వద్దనుకున్నా. చెప్తే నువ్వేం చేస్తావో నాకు తెలీదా? ఉద్యోగం మానేసి నా కొంగు పట్టుకుని కూర్చుంటావు. లేదా నన్నే నీ దగ్గరికి లాక్కుపోతావు. నాకు నా గది కావాలే. ఒక్కదాన్నే ఉండగలనని డాక్టర్ దగ్గర, లాండ్రీలో, అందరి దగ్గరా పంతం పట్టాను. ఏ స్విచ్చు ఎక్కడుందో, ఏ సీసాకి ఎన్ని బ్యాండ్లో, కుర్చీ తగిలాక ఎన్నడుగులకి మెట్టో, ఏడాది పట్టింది నేర్చుకోడానికి. దెబ్బలు తగిలాయి, చేతులు కాల్చుకున్నాను. అయినా నేర్చుకున్నా."

ఆ ఏడాదిని పిట్ట ఐదు రోజుల్లో తుడిచేసింది. మూటగట్టి చెత్తకుండీలో వేసింది. అక్క తిట్టి ఉంటే బాగుండేది. అక్క తిట్టలేదు, పైగా, "బాగానే చేసుంటావులే, నీ చేతి పని నాకు తెలీదా" అంది. ఆ మాటకి పిట్టకి భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

కిందికి పరిగెత్తింది. చెత్తబండి పొద్దున్నే వచ్చి వెళ్ళిపోయింది. ఖాళీ కుండీ అడుగున ఒక్క ఎర్ర దారపు బంతి అంటుకుని ఉంది. దాన్ని తీసి, కడిగి, పైకొచ్చింది. వంటగదిలో మోకాళ్ళ మీద కూర్చుని సింకు కింద చేయి పెట్టి, ఆ దిక్కుమాలిన మెరూన్ డబ్బాని బయటికి లాగింది.

"అక్కా, ఎక్కడి నుంచి మొదలుపెట్టను?"

"ముందు మెట్టు. లావుగా గియ్యి."

లావుగా గీసింది. తర్వాత గుమ్మం చుట్టూ, స్విచ్చుల చుట్టూ, బల్ల నాలుగంచులూ, బీరువా తలుపుల నడుమ. అక్క కుర్చీలో కూర్చుని, తల వారగా తిప్పి, "ఇంకా లావు... ఆఁ, ఇప్పుడు తెలుస్తోంది" అంటూ చెప్పింది. బల్లని పాత చోటికి లాగింది. కుర్చీని మళ్ళీ మోకాలికి తగిలేలా, అలమర పక్కన, గోడకి అడ్డంగా పెట్టమంది అక్క, సాయంత్రానికి అదీ పెట్టింది పిట్ట. తొమ్మిదేళ్ళుగా దాస్తూ వచ్చిన అంచులన్నీ ఒక్క పూటలో బయటపడ్డాయి. గది చిన్నదైపోయింది. పలక మీద పిల్లాడు గీసిన ఇల్లులా ఉంది. షోరూం మేనేజరు చూస్తే ఉద్యోగం ఊడబీకేవాడు.

అక్క ఒక్కతే లేచి, మెట్టు దిగి, స్టవ్ వెలిగించి, రెండు కప్పుల టీ పెట్టి తెచ్చింది. పిట్ట సాయానికి లేవబోయి, ఆగిపోయింది. అక్క పంతం అదే కదా.

టీ తాగుతూ, అక్క కుర్చీలో, పిట్ట వంటింటి స్టూలు మీద, ఎదురెదురుగా కూర్చున్నారు. పిట్ట చేతుల నిండా మెరూన్ మరకలు. అక్క చూపు మళ్ళీ పక్కకి, చెల్లెలి చెవి అవతలికి పోయింది. అలవాటు కొద్దీ పిట్ట ఆ చూపుకి ఎదురు రావాలని స్టూలు జరపబోయింది.

"కదలకే!" అంది అక్క. "ఆసుపత్రిలో ఒక్క రోజైనా కుదురుగా కూర్చున్నావా? ఇలా పక్క నుంచి నీ ముఖం కాస్త దొరికేసరికి జరిగేదానివి. నేను తల తిప్పి మళ్ళీ వెతుక్కుంటే మళ్ళీ జరిగేదానివి. వారం రోజులూ నిన్ను చూద్దామని ఎంత అవస్థ పడ్డానో."

పిట్ట రెండు చేతులతో స్టూలు గట్టిగా పట్టుకుంది. కన్నీళ్ళు కారుతుంటే తుడుచుకోవడానికి కూడా కదల్లేదు. అక్క గోడ వైపు చూస్తూ, చాలాసేపు చూసి, టీ కప్పు కింద పెట్టింది.

"బాగా చిక్కిపోయావే పిట్టా" అంది.