బెత్తెడు చూపు

కళ్లద్దాలు తీస్తే కృత్తికకు లోకం బెత్తెడు దూరంలో ఆగిపోతుంది. పవర్ మైనస్ తొమ్మిది. ఆ బెత్తెడులో మాత్రం ఆమె చూపుకు తిరుగులేదు. కోయంబత్తూరులో సింగానల్లూరు దాటాక ఉన్న ఒక నూలు మిల్లులో పదమూడేళ్లుగా క్వాలిటీ చూస్తోంది. మిగతావాళ్లు భూతద్దం కింద పెట్టి వెతికే లోపాన్ని ఆమె అద్దాలు నుదుటి మీదికి ఎత్తి, పోగును ముక్కు దాకా తెచ్చుకుని ఇట్టే చెప్పేస్తుంది. బెత్తెడు దాటిందంటే మనిషైనా స్తంభమైనా ఒకటే, రంగు మసక.

అలాంటి ఆమెను స్కీయింగ్‌కు రమ్మన్నాడు తమ్ముడు అశ్విన్. వాడికి రెండేళ్లుగా అదే పిచ్చి. ఫిబ్రవరిలో గుల్‌మార్గ్‌లో వారం రోజుల కోర్సు ఉందనీ, కొత్తవాళ్లకు వేరే జట్టు ఉంటుందనీ చెప్పి ఒప్పించాడు. కృత్తికకు మంచు భయం లేదు, పడతానన్న భయమూ లేదు. ఉన్నదల్లా కళ్ల దిగులే.

మేట్టుపాళయం రోడ్డులో కళ్లద్దాల కొట్టు నడిపే ఈశ్వరన్ దగ్గరికి వెళ్లింది. నాలుగో తరగతి నుంచి ఆమె అద్దాలన్నీ ఆయన చేతి మీదుగా వచ్చినవే. కృత్తిక వాళ్లలాగే ఆయనా తరాల కిందట అక్కడ స్థిరపడ్డ తెలుగింటివాడే. ఊటీ పొగమంచు తప్ప వేరే మంచు ఎరగడు కానీ, విషయం విని చాలాసేపు ఆలోచించాడు. మామూలు అద్దాల మీద పెద్ద గాగుల్స్ పెట్టుకుంటే ఊపిరి ఆవిరికి లోపలంతా కమ్ముకుంటుంది. గాగుల్స్ లోపలే పవర్ అద్దాలు బిగించవచ్చు కానీ, ఆమె పవర్‌కు అవి తయారై రావడానికి మూడు వారాలు పడుతుంది, ప్రయాణం పది రోజుల్లో ఉంది. ఇక మిగిలింది కాంటాక్ట్ లెన్సులు. ఏ రోజుకారోజు కొత్తవి పెట్టుకుని సాయంత్రం పారేసేవి ఇచ్చాడు. ఒక జత కళ్లద్దాలు కోటు లోపలి జేబులో పెట్టుకోమన్నాడు. లెన్సు ఊడిందంటే ఉన్నచోటే నిలబడాలనీ, అద్దాలు పెట్టుకున్నాకే కాలు కదపాలనీ రెండుసార్లు చెప్పాడు.

మొదటి మూడు రోజులు బాగానే గడిచాయి. ద్రవం గడ్డకట్టకుండా లెన్సుల డబ్బాను రాత్రంతా కంబళి కింద పెట్టుకునేది. పొద్దున్నే వేణ్ణీళ్లతో చేతులు కడుక్కుని లెన్సులు పెట్టుకునేది. రోజుకు ఇరవైసార్లు పడింది, ఇరవైసార్లు లేచింది. వాళ్ల జట్టులో తొమ్మిదిమంది. కోచ్ కాశ్మీరీ మనిషి, హిందీలో తక్కువ మాట్లాడతాడు. వైజాగ్ నుంచి వచ్చిన భార్యాభర్తలు ఇద్దరు, భోజనాల దగ్గర అక్కాతమ్ముళ్ల మాటలు విని, మీరు మాట్లాడేది ఏ భాష అని అడిగారు. తెలుగే అని అశ్విన్ చెబితే వాళ్లు నమ్మడానికి కాసేపు పట్టింది.

నాలుగో రోజు మధ్యాహ్నం మబ్బు కిందికి దిగింది. చూస్తుండగానే నేలకూ ఆకాశానికీ తేడా చెరిగిపోయింది. ఎత్తేదో పల్లమేదో తెలియని ఒట్టి తెలుపు. అశ్విన్ జట్టు అప్పటికే పై వాలు మీద ఉంది. కోచ్ తన తొమ్మిదిమందినీ వరుసలో నిలబెట్టి, ఒకరి వెనక ఒకరు మెల్లగా దిగమన్నాడు. కృత్తిక అందరికన్నా వెనక ఉంది.

గాగుల్స్ సందుల్లోంచి దూరిన గాలికి ఎడమ లెన్సు ఎండి, కంట్లో ఇసుక పడ్డట్టు గీరసాగింది. ఆగి, గాగుల్స్ పైకెత్తి కంట్లో చుక్కలు వేసుకుంది. ఒక్క గాలి విసురు. చుక్కతో పాటు లెన్సు చెంప మీదికి జారి, అక్కడి నుంచి ఎటో పోయింది. ఒక కన్ను తేటగా, ఒక కన్ను మసకగా ఉండేసరికి తల తిరిగింది. అద్దాలు పెట్టుకోవాలంటే రెండో లెన్సూ ఉండకూడదు. గ్లవ్ తీసి కుడి లెన్సు గిల్లి పారేసింది. లోకం బెత్తెడుకు కుంచించుకుపోయింది.

లోపలి జేబు జిప్పు మంచుకు బిగుసుకుపోయి ఉంది. మొద్దుబారిన వేళ్లతో దాన్ని లాగుతుంటే ఎదురుగా ఎవరో పిలిచారు.

"ఏంటికి నిలబడినావు కణ్ణు?"

ముద్దుగా పిలిచే ముసలామె గొంతు. పది అడుగుల దూరంలో మట్టి రంగు మసకగా ఒక ఆకారం నిలబడి ఉంది. లెన్సులు పోయాయనీ, అద్దాలు పెట్టుకుని వస్తాననీ చెప్పింది కృత్తిక.

"కింద పెట్టుకోవచ్చు. ఈడ గాలి పెరుక్కోని పోతుంది. నా వెనకాలే రా."

గాలి అన్నమాట నిజమే. ఉన్న ఒక్క జతా పోతే ఏమిటి గతి అనిపించింది. కృత్తిక "సరి, వస్తుండా" అని కదిలింది.

మూడు రోజులుగా మాట వినని స్కీలు ఆ వేళ నూనె మీద జారినట్టు జారాయి. కాళ్లకు శ్రమే లేదు. ముందు ఆ మసక, వెనక ఆమె. ముసలామె తీరుబడిగా కబుర్లు చెబుతూనే ఉంది. ఇంట్లో ఎవరెవరు ఉన్నారని అడిగింది. మీ పక్క వానలు పడ్డాయా అంది. జొన్న కోతలు అయిపోయాయా అంది. మిల్లులూ అపార్టుమెంట్లూ లేచిన సింగానల్లూరులో ఆ ప్రశ్న అడిగేవాళ్లు ఎప్పుడో పోయారు. కృత్తిక నవ్వుతూ, "మా పక్క ఇప్పుడు జొన్న ఎవరేస్తుండారవ్వా?" అంది.

అవ్వా అన్న మాట నోరు దాటాక గానీ ఆమెకు తట్టలేదు. ఇంటి మాట చెవికి ఎంత అలవాటైపోయిందో, అది ఎక్కడ వినబడుతోందన్న ఆలోచనే రాలేదు. ఈ కొండ మీద ఈ తెలుగు మాట్లాడేవాళ్లు తనూ అశ్విన్, ఇద్దరే.

స్కీల ముందు కొనలు రెండూ దగ్గరికి చేర్చి, మడమలు బయటికి తోసి, నేర్పినట్టే ఆగింది. రెండో గ్లవ్ పళ్లతో లాగేసి, జిప్పును రెండు చేతులా పట్టి గుంజింది. అద్దాలు చేతికి వచ్చాయి.

"అద్దాలు వద్దు కణ్ణు."

గొంతు ఈసారి చాలా దగ్గర. అద్దాలు కళ్ల దాకా వెళుతుండగా ఒక చెయ్యి వచ్చి ఆమె మణికట్టు మీద పడింది. సరిగ్గా ఆ బెత్తెడులో. దాంతో కృత్తికకు అది మిల్లులో పోగు కనబడినంత స్పష్టంగా కనబడింది. గ్లవ్ లేదు. నరాలు తేలిన ముసలి చెయ్యి, వెనక పాలిపోయిన పచ్చబొట్టు చుక్కలు. ఆ చర్మం మీద మంచు రేకులు వాలి ఉన్నాయి, దేని ఆరు కొమ్మలు దానికి విడివిడిగా. ఒక్కటీ కరగడం లేదు. ఆమె చూస్తుండగానే ఇంకొకటి వచ్చి వాలింది, అలాగే ఉండిపోయింది. దాని పక్కనే తన సొంత చేతి మీద పడ్డవి పడ్డట్టే నీళ్లవుతున్నాయి. ఆ స్పర్శలో చలి లేదు, వెచ్చదనమూ లేదు. బరువు ఒక్కటే ఉంది.

కృత్తిక చెయ్యి విదిలించుకుని అద్దాలు పెట్టుకుంది.

ఎవరూ లేరు. ఎదుట నేల కూడా లేదు. స్కీల ముందు భాగం జానెడు మేర గట్టు దాటి గాలిలో ఉంది. దాని కింద ఎక్కడో లోతున నల్లరాళ్లు, వాటి మధ్య వాగు చప్పుడు. ఆమె ఉన్నపళాన వెనక్కి కూలబడింది. మెళ్లో వేలాడుతున్న విజిల్ తీసుకుని ఊదుతూనే ఉంది.

కోచ్ వచ్చేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. గట్టు అంచు చూశాడు, ఆమె వచ్చిన జాడ చూశాడు. జట్టులో ఎవరూ వెనక ఆగలేదన్నాడు. ముసలామె సంగతి అడిగితే, ఈ కాలంలో పైన ఎవరూ ఉండరన్నాడు. ఆమె జాడలో ఒక్క వంపు లేదనీ, తాను నాలుగు రోజులు నేర్పినా ఆమె అంత తిన్నగా జారింది లేదనీ అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన ఆమె వంక చూడలేదు. అశ్విన్‌తో లెన్సులు పోయి దారి తప్పానని మాత్రం చెప్పి, మిగిలిన రోజులు గదిలోనే ఉండిపోయింది.

ఇంటికి వచ్చాక నాయనమ్మ జానకమ్మాళ్ ఒక్కదానికే జరిగింది చెప్పింది. ఎనభై నాలుగేళ్ల ఆవిడ కత్తిపీట ముందు కూర్చుని చిన్న ఉల్లిపాయలు ఒలుస్తూ అంతా విన్నది. నవ్వలేదు, భయపడనూ లేదు. పచ్చబొట్టు ఎలా ఉందని అడిగింది. రమ్మన్నప్పుడు ఏం జవాబిచ్చావని అడిగింది.

"వస్తుండా అన్నా అవ్వా."

జానకమ్మాళ్ చేతులు ఆగిపోయాయి. "అట్లయితే ఇంకా నీ కోసరం చూస్తుంటుంది అమ్మిణి" అంది మనవరాలితో.

ఆవిడ నాయనమ్మ కాలంలో తమవాళ్లు కాశికనీ, ఆ పైన మంచుకొండలకనీ నడిచి పోయేవారట. తిరిగి వచ్చినవాళ్లు కొందరే. రానివాళ్లు ఎక్కడ పోయారో, ఏ తిథికి పోయారో ఎవరికీ తెలియదు. వాళ్లలో ఎవరని చెప్పగలం, మన మాట చెవిన పడి వచ్చి ఉంటుంది అంది.

ఆ మాట విన్న నాటి నుంచి కృత్తికకు ఇంకో బాధ మొదలైంది. మిల్లులో పోగు చూడడానికి అద్దాలు ఎత్తినప్పుడు, బెత్తెడు అవతల ఆడవాళ్ల నీలం కోట్లు నీలం మసకలుగా కదులుతుండేవి. వాటి మధ్య, నూలు వడికే రింగ్ ఫ్రేముల నడుమ, ఒక మట్టి రంగు మసక కదలకుండా నిలబడి ఉండేది. అద్దాలు దించితే అక్కడ దారి ఖాళీ. మొదట వారానికోసారి, జూలైలో ఆడి మాసం వచ్చేసరికి రోజూ. స్నానాల గదిలో అద్దాలు తీయడానికి జంకేది. భర్త అరవిందన్ అడిగితే కళ్లు అలసిపోతున్నాయని చెప్పింది. ఆడి అమావాస్యకు జానకమ్మాళ్ పెద్దలకు తర్పణాలు విడిచే పేరూరు రేవుకు పోయి, తమ పెద్దలతో పాటు పేరు తెలియని ఆ ఒక్కదానికీ నువ్వులూ నీళ్లూ విడిపించింది. అయినా ఆ మసక పోలేదు.

"నువ్వు ఇచ్చిన మాట. నువ్వే పోయి వద్దనల్ల" అంది ఆవిడ.

మరుసటి ఫిబ్రవరికి ఆ మాట వెనక్కి తీసుకోవడానికి, పైకి మాత్రం కోర్సు పూర్తి చేస్తానని చెప్పి, కృత్తిక అశ్విన్‌తో బయలుదేరింది. ఈసారి ఈశ్వరన్ ముందే తెప్పించి, గాగుల్స్ లోపల పవర్ అద్దాలు బిగించి ఇచ్చాడు. ఆవిరి కమ్ముకోని పూత కూడా వేయించాడు. వాటితో ఆ వాలును ఆమె మొదటిసారి పూర్తిగా చూసింది. దేవదారు చెట్ల ముల్లాకులు కూడా లెక్కపెట్టేటంత తేటగా.

రెండో రోజు ఎండ బాగా కాసింది. వాగు గట్టు వెంబడి ఇప్పుడు తాడు కట్టి ఉంది. కోచ్‌ను అడిగి, అశ్విన్‌ను వెంటబెట్టుకుని అక్కడికి వెళ్లింది. వాణ్ని యాభై అడుగుల దూరంలో ఆగమని, తాను తాడు దగ్గర నిలబడింది. గాగుల్స్ తీసింది. చెట్లు, కొండలు, తమ్ముడు, అన్నీ తెలుపులో కలిసిపోయాయి.

"అవ్వా, నేను రాను. ఆ పొద్దు తెలియక వస్తుండా అంటిని. నా కోసరం కాచుకోవద్దు."

అది మరీ కటువుగా ఉందనిపించింది. ఇంత దూరంలో, ఇంత చలిలో, సొంత మాట కోసం ఎన్నేళ్లు చెవి ఒగ్గి ఉందో. మన ఇళ్లల్లో అందరూ బాగున్నారని చెప్పింది. నీకూ నువ్వులూ నీళ్లూ విడిచాము, ఇకనైనా పడుకో అని చెప్పింది. ఎదుటి తెలుపు వైపు చూస్తూ జవాబు కోసం నిలబడింది. ఎదుట ఏమీ కదలలేదు.

"సరి."

అది ఎదుటి నుంచి రాలేదు. ఎడమ చెవి పక్క నుంచి వచ్చింది. తల కాస్త తిప్పితే ముఖం ఆ బెత్తెడులోనే ఉంటుంది, ప్రతి ముడతా కనబడుతుంది. కృత్తిక తల తిప్పలేదు. ఎంతసేపు అలా బిగుసుకుని నిలబడిందో ఆమెకే తెలియదు. తరువాత గాగుల్స్ పెట్టుకుని తమ్ముడి దగ్గరికి వెళ్లింది. ఏం చేస్తున్నావక్కా ఇంతసేపు అని వాడు అడిగితే, గాగుల్స్ తుడుచుకున్నానంది. ఇద్దరూ కలిసి కిందికి జారారు. ఆమె మూడు వంపులు చక్కగా తిరిగి, నాలుగో వంపులో పడి, లేచి, మళ్లీ జారింది.

ఇప్పుడు మిల్లులో అద్దాలు ఎత్తితే నీలం మసకలు తప్ప ఇంకేమీ లేదు. జానకమ్మాళ్ సంగతంతా విని, తిరిగి చూశావా అని ఒక్కమాట అడిగి, చూడలేదంటే తల ఊపింది. కృత్తిక ఏటా మంచుకు వెళుతోంది కూడా. కానీ పొద్దున్నే నిద్ర లేవగానే ఆమె ఎడమ పక్కకు తిరగదు. కళ్లు మూసుకునే కుడి చెయ్యి చాచి, బల్ల మీద అద్దాలు వెతికి పెట్టుకున్నాకే కళ్లు తెరుస్తుంది.