బయానాకు రెట్టింపు

మా మనవరాలు మనోజ్ఞ ఇంటర్ పాసైందని తెలిసిన దగ్గర్నుంచి మా ఇంటికి కాలేజీల వాళ్లు రావటం మొదలుపెట్టారు. పెళ్లిచూపులకైనా అంతమంది రారు. ఒకాయన చెప్పులు తొడుక్కుంటుంటే ఇంకొకాయన విడుస్తున్నాడు. పామర్రు అవతల ఊరు మాది. బస్సు దిగాక కాలవ గట్టు మీద చాలాసేపు నడవాలి. కరెంటు రీడింగు తీసే అబ్బాయి కూడా సగం దూరం వచ్చి అంచనాగా రాసుకుపోతాడు. వీళ్లు మాత్రం చెమటలు కక్కుకుంటూ వచ్చి, మంచినీళ్లు తాగి, పిల్ల చాలా తెలివైందన్నారు. అప్పటికి పిల్లని చూడలేదు.

వీళ్లని పీఆర్వోలంటారట. కాలేజీకి పిల్లల్ని కుదిర్చిపెట్టటం వీళ్ల ఉద్యోగం. నా చిన్నప్పుడు గేదెల బేరగాళ్లు ఇట్లాగే ఇల్లిల్లూ తిరిగేవాళ్లు. వాళ్లు పళ్లు చూసేవాళ్లు, వీళ్లు మార్కులు చూస్తారు.

అందరిలోకీ శరత్‌చంద్ర అనే అబ్బాయి మర్యాదస్తుడు. పద్మసరోవర ఇంజనీరింగ్ కాలేజీ తరపున వచ్చాడు. నన్ను మామ్మగారూ అన్నాడు, మా ఆయన్ని బాబాయిగారూ అన్నాడు. ఆ లెక్కన మేమిద్దరం ఏమవుతామో నేను అడగలేదు. నా మోకాళ్లకి ఆముదం ఆకు కట్టుకోమన్నాడు. పెసరట్టు వేస్తే, రెండోది కూడా వద్దనలేదు. తిని చెయ్యి కడుక్కొచ్చి, నీలం రంగు బ్యాగొకటి తీసి మా ఆయన చేతిలో పెట్టాడు. దాని మీద తామరపువ్వు బొమ్మ, లోపల స్టీలు నీళ్ల బాటిల్.

"పాపకి మా కాలేజీ తరపున బాబాయిగారూ. ఫీజు గవర్నమెంటే ఇస్తుంది, మీకేం భారం ఉండదు. పాప ఒరిజినల్స్ ఇప్పించారంటే సీటు గట్టిగా పట్టి ఉంచుతాం. రేపటికైతే నేను చెప్పలేను."

మా ఆయన పేరు రత్తయ్య. ఆయన లోపలికెళ్లి పదో తరగతిది, ఇంటర్‌ది, టీసీ, అన్నీ కవరుతో సహా తెచ్చి ఇచ్చేశాడు. కవరు మీద దుమ్ము కూడా తుడిచి ఇచ్చాడు.

మనోజ్ఞ అప్పుడు ఇంట్లో లేదు, క్రిస్టినా వాళ్లింటికెళ్లింది. క్రిస్టినా మా వెనక వీధి పిల్ల. గవర్నమెంటు డిగ్రీ కాలేజీలో చేపల చెరువుల చదువు చదువుతోంది, ఆక్వాకల్చర్ అంటారు. మూడో ఏడు చదువుతోపాటు ఒక రొయ్యపిల్లల కంపెనీలో పని నేర్పుతున్నారు, నెలనెలా డబ్బులు కూడా ఇస్తున్నారు. చదువుకునేవాళ్లకి ఎదురు డబ్బులివ్వటం మా ఊళ్లో ఎవరూ నమ్మలేదు. క్రిస్టినా వాళ్లమ్మ అమలమ్మ కూడా మొదట నమ్మలేదు, పిల్ల ఏదో దాస్తోందనుకుంది.

మనోజ్ఞ ఇంటికొచ్చి సంగతి విని అరుగు మీద కూర్చుంది.

"తాతయ్యా, గవర్నమెంటు ఇచ్చేది కాలేజీ ఫీజొక్కటే. హాస్టలు, బస్సు, యూనిఫారం మనమే కట్టుకోవాలి. పైన డెవలప్‌మెంట్ ఫీజని ఇంకోటి ఉంటుందట."

"ఎవరి డెవలప్‌మెంటూ?" అన్నాను నేను.

"అది చెప్పరు నాయనమ్మా."

"కాలవ పక్క పొలం చెక్క ఉందిగా, అమ్మేద్దాం," అన్నాడు మా ఆయన. దొడ్లో అరటిగెల కోద్దామన్నట్టు అన్నాడు. మేం దున్నేదంతా కౌలు భూమి. ఆ చెక్క ఒక్కటే మా పేరు మీద ఉంది.

నోరు మెదపని పిల్ల చేతులు ఊరుకోవని నాకు తెలుసు. మనోజ్ఞ క్రిస్టినా ఫోన్లో అప్పటికే ఆ చేపల చదువుకి దరఖాస్తు పెట్టేసింది. ఆ సోమవారం సీటు వచ్చినట్టు మెసేజీ వచ్చింది. శుక్రవారం సాయంత్రంలోపల ఒరిజినల్స్ పట్టుకెళ్లి చూపించాలి. చూపించకపోతే సీటు ఇంకొకళ్లకిస్తారు. ఒరిజినల్స్ చూస్తే విజయవాడ పటమటలో, పద్మసరోవర వాళ్ల ఆఫీసులో ఉన్నాయి.

శరత్‌చంద్రకి ఫోన్ చేసింది. అప్పటిదాకా మొదటి రింగుకే ఎత్తేవాడు. ఒరిజినల్స్ అన్న మాట విన్నాక, ఆఫీసుకొచ్చి మేనేజరుగారితో మాట్లాడండి మేడం అన్నాడు. నిన్నటిదాకా పాప, ఇవాళ మేడం.

నా కొడుకు లారీ మీద ఒడిశా వైపున్నాడు. వాడికి ఫోన్ చేస్తే నాన్న ఎట్లా అంటే అట్లా అని పెట్టేశాడు. కోడలు రాజ్యలక్ష్మి, "అత్తయ్యా, మామయ్యగారికి మీరే చెప్పాలి," అని పశువుల దగ్గరికెళ్లిపోయింది. మా ఇంట్లో ఆయనకి చెప్పాల్సినవన్నీ చివరికి నా దగ్గరికొస్తాయి.

అన్నం పెడుతూ కదిపాను. "ఏవండీ, విజయవాడ వెళ్లి ఆ కాయితాలు అడిగి తెచ్చుకుందాం."

"అడగను."

"ఎందుకని?"

"బయానా పుచ్చుకున్నాక సరుకు వాడిదే."

"బయానా ఎవరిచ్చారు మనకి?"

ఆయన చేత్తో దండెం మీది బ్యాగు చూపించాడు.

ఇక్కడ మా ఆయన సంగతి చెప్పాలి. ధాన్యం బేరం కుదిరిందంటే ఎంతోకొంత బయానా పుచ్చుకుంటాడు. ఆ తర్వాత ఇంకొకడొచ్చి బస్తాకి ఎక్కువిస్తానన్నా వాడికి మజ్జిగిచ్చి పంపేస్తాడు. ఒక ఏడు అట్లా ఊరందరి ధాన్యం ఎక్కువ ధరకి పోయింది, మాది తక్కువకి పోయింది. ఆయన బాగానే నిద్రపోయాడు. ఆ పిల్లవాడు బ్యాగు చేతిలో పెట్టి కాయితాలు అడిగాడు, ఈయన ఇచ్చాడు. ఆయన లెక్కలో బేరం అయిపోయింది. పిల్ల ఇష్టం ఏమిటని అడగలేదేమంటే, ధాన్యాన్ని ఎవరు అడుగుతారు.

"తాతయ్యా, అది బయానా కాదు. ప్రచారానికిచ్చేది. అందరికీ ఇస్తారు," అంది మనోజ్ఞ.

"అందరికీ ఇస్తే అందరూ పుచ్చుకున్నట్టే."

"నాకు ఇంజనీరింగ్ ఇష్టం లేదని కాదు తాతయ్యా. చెక్క అమ్మి చదవటం ఇష్టం లేదు."

ఆయన ముద్ద కలుపుతూ ఆగాడు. మళ్లీ కలిపాడు. "మాట పోయాక చెక్క మిగిలితే ఎంత, పోతే ఎంత," అన్నాడు.

మనోజ్ఞ కంచం ముందునుంచి లేచెళ్లి నూతి గట్టు దగ్గర నిలబడింది. ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది, ఆయన ఏడుపు చూడలేడు.

అప్పుడు నాకు మా మామగారు గుర్తొచ్చారు. నేను కాపురానికొచ్చిన కొత్తల్లో ఆయన ఒక ఎద్దుని ఉయ్యూరు రైతుకి అమ్మటానికి బయానా పుచ్చుకున్నారు. పొద్దున్నే తాడు విప్పితే ఆ ఎద్దు కదల్లేదు. లాగితే పడుకుంది. ఎద్దుకి అవతల వైపు మా అత్తగారు కూడా కూర్చుంది. ఇద్దర్నీ లేపటం ఉయ్యూరు రైతు వల్ల కాలేదు.

"ఏవండీ, ఆ ఎద్దు మన ఇంట్లోనే ముసలిదై పోయింది కదా. మరి మీ నాన్నగారు మాట తప్పినట్టా?"

"మా నాన్న మాట తప్పలేదు," అన్నాడు కోపంగా. "ఇచ్చినవాడు వద్దంటే బయానా పోతుంది. పుచ్చుకున్నవాడు వద్దనుకుంటే రెట్టింపు వాడి చేతిలో పెట్టాలి. మా నాన్న రెట్టింపు ఇచ్చాడు. అక్కడికి బేరం తెగింది."

"అయితే రెట్టింపు ఇద్దాం."

ఆయన నా వంక చూశాడు. నేను మజ్జిగ పోశాను. మజ్జిగ అన్నం పూర్తయ్యాక, "ఇంకో బ్యాగు కావాలిగా," అన్నాడు.

ఇంకో బ్యాగుకి విజయవాడ దాకా పోనక్కర్లేదు. మా ఊళ్లో పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ ఒక తామరపువ్వుంది. పక్కింటి సుబ్బరత్నం అందులో ఎండుమిరపకాయలు పోసుకుంది. అడిగితే, "ఏం చేసుకుంటావే?" అంది. కాలేజీకి తిరిగిచ్చేస్తామన్నాను. ఇచ్చినవి తిరిగిచ్చేవాళ్లని ఆవిడ ఎప్పుడూ చూడలేదు. మిరపకాయలు చాట్లోకి వంచి బ్యాగు దులిపి ఇచ్చింది. బాటిల్ మటుకు వాళ్లాయన పొలానికి తీసుకెళ్లాడంటే, మనోజ్ఞ వెళ్లి గట్టు మీదనుంచి తెచ్చింది.

గురువారం పొద్దున్న ముగ్గురం బందరు రోడ్డు బస్సెక్కాం. మా ఆయన ఇస్త్రీ పంచె కట్టాడు. మాట వెనక్కి తీసుకోవటానికి ఉతికిన బట్టల్లో వెళ్లాలని ఆయన అభిప్రాయం.

పటమటలో ఆ ఆఫీసు ఒక మిఠాయి కొట్టు పైన ఉంది. లోపల ఏసీ. నేను కొంగు నిండా కప్పుకున్నాను. టోకెన్ ఇచ్చి కూర్చోమన్నారు. మాలాంటివాళ్లు హాలు నిండా ఉన్నారు. సగం మంది చేరటానికొచ్చారు, సగం మంది కాయితాల కోసం వచ్చారు. మొహాలు చూస్తే ఎవరెవరో తెలుస్తోంది.

మా వంతు వచ్చింది. మేనేజరు అచ్యుతరామారావుగారని, నెమ్మదైన మనిషి.

"చెప్పండి బాబాయిగారూ."

"మా మనవరాలిని మీ కాలేజీలో చేర్చటం మానుకుంటున్నామండీ. మాట వెనక్కి తీసుకుంటున్నాం," అన్నాడు మా ఆయన.

"అదేమిటండీ, పాప పేరున సీటు బ్లాక్ చేశాం. ఇప్పుడు క్యాన్సిల్ అంటే మొదటి సంవత్సరం ఫీజు కట్టాలి. అప్పుడే ఒరిజినల్స్ రిలీజ్ చేస్తాం. రూలండీ."

"సంతకం ఏమైనా పెట్టామా సార్?" అంది మనోజ్ఞ.

"సంతకం అని కాదమ్మా, ప్రొసీజరు."

మా ఆయన రెండు బ్యాగులూ బల్ల మీద పెట్టాడు. వాటి పక్కన రెండు బాటిళ్లూ పెట్టాడు. "మీరిచ్చింది ఒకటి. నేనిస్తోంది రెండు. మీ బయానా మీకు రెట్టింపు ముట్టింది, మా సరుకు మాకిచ్చేయండి."

అచ్యుతరామారావుగారు బ్యాగుల వంక చూశారు, మనోజ్ఞ వంక చూశారు, చివరికి నన్ను చూశారు. నేను తల ఊపాను.

"బ్యాగులు వెనక్కి తీసుకునే పద్ధతి మా దగ్గర లేదండీ."

"మా దగ్గర ఉంది," అన్నాడు మా ఆయన.

మా ఆయన పొలంలో మాట్లాడినట్టే ఎక్కడైనా మాట్లాడతాడు. హాలంతా వినపడింది. వెనకనుంచి కంకిపాడు ఆయన ఒకడు లేచి వచ్చాడు.

"ఏవండీ పెద్దాయనా, రెండు బ్యాగులిస్తే ఒరిజినల్స్ ఇస్తారా?"

"ఇవ్వాలి. పద్ధతి."

"మాకు బ్యాగు కాదండీ, టిఫిన్ క్యారేజీ ఇచ్చారు," అంది గళ్ల చీర ఆవిడ. "మేం కూడా బ్యాగే ఇవ్వాలా?"

"ఏది పుచ్చుకుంటే అది రెట్టింపమ్మా. క్యారేజీకి క్యారేజీయే."

"మూత పోయింది."

"మూతతో సహా ఇవ్వాలి," అన్నాడు మా ఆయన. ఆ విషయంలో ఆయన గట్టివాడు.

కంకిపాడు ఆయన అప్పటికే ఇంటికి ఫోన్ కలిపాడు. "అటక మీద చూడు. నీలం బ్యాగు. మీ తమ్ముడింట్లో ఇంకోటి ఉండాలి," అంటున్నాడు. ఇంకో ఇద్దరు టోకెన్లు జేబులో పెట్టుకుని మెట్ల వైపు నడిచారు. చేరటానికొచ్చిన వాళ్లలో ఒకాయన అప్పుడే చేతికిచ్చిన బ్యాగుని మెల్లగా బల్ల మీద పెట్టేశాడు.

అచ్యుతరామారావుగారు హాలు వంక కాసేపు చూసి లోపలికి వెళ్లారు. వచ్చేటప్పుడు చేతిలో మా కవరుంది. గొంతు బాగా తగ్గించారు.

"మీరు పెద్దవారని ఇస్తున్నాను. తీసుకుని వెళ్లిపోండి. బ్యాగులు కూడా ఉంచుకోండి, పర్లేదు."

మనోజ్ఞ చెయ్యి చాపింది. మా ఆయన ఆ చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ముందు బ్యాగులు మీరు పుచ్చుకోవాలండీ."

"వద్దు బాబాయిగారూ, పాపని వాడుకోనివ్వండి."

"మీరు పుచ్చుకోకపోతే బేరం తెగదు. బేరం తెగకుండా కాయితాలు తీసుకుంటే నేను దొంగనవుతాను."

కవరు బల్ల మీద ఉంది. బస్సు ఛార్జీ పెట్టుకుని మేం వచ్చింది దానికోసమే. ఈ మనిషి ముట్టుకోడు, పిల్లని ముట్టుకోనివ్వడు. మనోజ్ఞ నా వంక చూసింది. నలభై ఏళ్లకి పైన కాపురం చేశాను, ఇట్లాంటప్పుడు ఆయన్ని కదిలించటం ఆ ఎద్దుని కదిలించటమే. నేను మేనేజరుగారి వంక తిరిగాను.

"తీసుకో నాయనా. చేత్తో తీసుకుంటే చాలు. నీకేం బరువు కాదు."

ఆయన రెండు బ్యాగులూ తీసుకున్నారు. బల్ల మీద చోటు లేక ఒకటి భుజానికి తగిలించుకున్నారు, అది సుబ్బరత్నం బ్యాగు. వెంటనే తుమ్మారు. మళ్లీ తుమ్మారు. హాలంతా చూస్తోంది.

"శుభం," అన్నాడు మా ఆయన. కవరు అందుకుని, విప్పి, మనోజ్ఞ చేత అన్నీ సరిచూయించాడు. మేనేజరుగారికి నమస్కారం పెట్టాడు. ఆయన కూడా, చేతులు ఖాళీ లేకపోయినా, పెట్టగలిగినంత పెట్టారు.

శుక్రవారం మధ్యాహ్నానికి గవర్నమెంటు కాలేజీలో కాయితాలు చూపించాం. అక్కడ ఏసీ లేదు, ఫ్యాను ఉంది, అది కాయితాలు చూసే మేడంగారి వైపు తిరిగి ఉంది. ఆవిడ ఒక్కొక్కటీ చూసి, టిక్కు పెట్టి, సీటు ఇచ్చేశారు. వాళ్లేమీ ఇవ్వలేదు. మమ్మల్నే తెచ్చుకోమన్నారు.

"పాత బట్టలు ఒక జత తెచ్చుకోమ్మా. వారానికోసారి చెరువులోకి దిగాలి."

చదువుకి పాత బట్టలు అడుగుతారని మేం అనుకోలేదు. ఇంట్లో అవి చాలా ఉన్నాయి.

ఇప్పుడు మనోజ్ఞ రోజూ బస్సులో వెళ్లొస్తుంది. చెరువు రోజున మోకాళ్ల దాకా బురదతో వస్తుంది. మొన్న అది వచ్చేసరికి మా ఆయన కూడా కాలవ పక్క చెక్కలో నారు చూసుకుని వచ్చాడు. ఇద్దరూ దొడ్లో పంపు దగ్గర కలిశారు. ఎవరి బురద ఎవరిదో చెప్పటానికి లేదు. మా ఇంట్లో పొలం నుంచి వచ్చిన మగవాడి కాళ్ల మీదే ముందు నీళ్లు పడతాయి. నేను చెంబు పట్టుకుని నిలబడ్డాను.

"తాతయ్యా, నేను రికార్డు రాసుకోవాలి," అంది మనోజ్ఞ.

ఆయన దాని కాళ్ల వంక కాసేపు చూశాడు. తర్వాత పంపు దగ్గరనుంచి పక్కకి జరిగాడు.