మిషన్‌కెక్కని దర్వాజ

తెర మీది పచ్చ గీతను లియాఖత్ అలీ కొంచెం పైకి జరిపాడు. తల ఒక పక్కకు వంచి చూశాడు. మనసొప్పలేదు, మళ్లీ కిందికి దించాడు. భోజనాల గంట మోగి షెడ్డులో అందరూ టిఫిన్ డబ్బాలు విప్పుతున్నా ఆయన మాత్రం అద్దాల గదిలో కంప్యూటర్ ముందు నుంచి లేవలేదు. ఆ గీతకూ ఆయనకూ మధ్య చాలా కాలంగా ఇదే తంతు.

షాద్‌నగర్ బయట, రైలు పట్టాలకు అవతల ఉన్న ఆ కట్టె కార్ఖానాలో తలుపులు బిగించే దర్వాజలు, కిటికీ చౌకట్లు, ఇండ్ల పైకప్పు చట్రాలు తయారవుతాయి. ఒకప్పుడు లియాఖత్ అలీ వాటిని ప్లైవుడ్ మీద పెన్సిల్‌తో నిలువెత్తున గీసేవాడు. వడ్రంగులు ఆ గీతల మీద కట్టె పరిచి కోసేవాళ్లు. తర్వాత బయటి దేశం నుంచి పెద్ద మిషన్ దిగింది. దానికి పెన్సిల్ గీతలతో పనిలేదు. కంప్యూటర్‌లో గీసి, ఆ గీతలను దాని భాషలోకి మార్చి, ఫ్లాపీకి ఎక్కించి ఇస్తే చాలు. కట్టెను తనే లోపలికి లాక్కుని, కోసి, తొలిచి, అవతలి వైపు నుంచి బయటికి తోసేస్తుంది.

ఆ మార్చి పంపే పని సేటు లియాఖత్‌కే ఇచ్చాడు. కొత్తలో చెమటకు మౌస్ చేతిలోంచి జారిపోయేది. తర్వాత అలవాటైంది. గొప్పగా రాలేదు, తీసిపారేసేలానూ లేదు. ఆయనకు ఏ పనైనా అంతే వచ్చింది. పొట్టి మనిషి, బట్టతల, నెరిసిన గడ్డం. పెన్సిల్‌తో అవసరం తీరిపోయినా చెవి మీద ఎర్రటి వడ్రంగి పెన్సిల్ మాత్రం అలాగే ఉండేది. తీసేస్తే చెవి చల్లగా ఉంటుందని అనేవాడు.

ఆయనకు ఒక అలవాటుంది. ఏ దర్వాజ గీసినా దాని పక్కన ఒక మనిషి బొమ్మ నిలబెడతాడు. కొలత కళ్లకు తెలియడానికి అందరూ పెట్టుకునే తయారు బొమ్మే అది. లియాఖత్ మాత్రం దానిలోకి దూరిపోయి దర్వాజ దాటేవాడు. బంజారాహిల్స్‌లో ఎవరిదో బంగళా అయితే లోపల పాలరాయి మీద నడిచేవాడు. బడి దర్వాజ అయితే పిల్లల గోల వినేవాడు. ఆ ఇండ్లను ఆయన ఒక్కనాడూ కళ్లారా చూసింది లేదు. తిరిగి వచ్చాక బొమ్మను చెరిపి, గీతలను మిషన్‌కు పంపేవాడు.

పంపనిది ఒకే ఒక్కటి. తన సొంత ఇంటి దర్వాజ.

పొద్దున సైకిల్ తీస్తుంటే భార్య షరీఫా గుమ్మంలో నిలబడి అడిగింది. "రేపు జుమ్మా. బాలయ్య మేస్త్రి పొద్దుగాల్నే వస్తనన్నడు. దర్వాజ నిలబెట్టకుంటే గోడ లేవది. గోడ లేవకుంటే ఆయన వేరే పనికి పోతడు. నీ బొమ్మ ఎన్నడైతది?"

"అయితది తియ్యి. ఫికర్ జెయ్యకు."

"నాకు బొమ్మ వద్దు. నేను లోపట్నుంచి గొళ్లెం పెట్టుకునే ఇల్లు గావాలె."

పెళ్లయిన నాటి నుంచి కిరాయి ఇండ్లలోనే వంట చేసింది ఆమె. ఇంటివాళ్లు ఎప్పుడు తలుపు తడితే అప్పుడు కొంగు సర్దుకుని తీసింది. ఇప్పుడు ఊరి చివర జాగా ఉంది, పునాది ఉంది, సేటు ఇచ్చిన టేకు కట్టె కార్ఖానాలో ఉంది. ఆగింది మొగుడి గీత దగ్గరే. షరీఫా కోపంలో తప్పేమీ లేదని లియాఖత్‌కు తెలుసు.

కానీ అది అమ్మ దర్వాజ.

వాళ్ల ఊరు నందికొండకు ఎగువన, కృష్ణ ఒడ్డున ఉండేది. ఆనకట్ట నీళ్లు వస్తాయని ఊరు ఖాళీ చేసేనాడు అందరిలాగే బాపు కూడా ఇంటి దర్వాజను గోడలోంచి పెకిలించి బండికెత్తాడు. మట్టి గోడలు ఎక్కడైనా పెట్టుకోవచ్చు, అలాంటి టేకు మళ్లీ ఎక్కడ దొరుకుతుందన్నాడు. దర్వాజ వచ్చింది గానీ గోడలు మళ్లీ లేవలేదు. దేవరకొండలో, అచ్చంపేటలో, జడ్చర్లలో అన్నీ కిరాయి ఇండ్లే. ప్రతి ఇంటికీ దాని దర్వాజ దానికుండేది. తమది పెరట్లో చూరు కింద గోడకు ఆని నిలబడేది. అమ్మ దాని మీద తడిబట్టలు ఆరేసేది.

దాని ఎడమ నిలువు కట్టెలో ఒక నున్నటి గుంట. ఆ ఇంటికి వచ్చిన కోడళ్లంతా కడప దాటుతూ చేయి ఆనించీ ఆనించీ పడిన గుంట అది. ఊళ్లో ఉన్నప్పుడు అమ్మ అక్కడే చేయి వేసి బాపు కోసం ఎదురుచూసేది. లియాఖత్ ఆమె కొంగు పట్టుకుని పక్కన నిలబడేవాడు. తలెత్తితే పైన అమ్మ చేయి, ఆకుపచ్చ గాజులు కనిపించేవి.

అమ్మ పోయిననాడు జడ్చర్లలో ముసురు. ఆఖరి స్నానానికి నీళ్లు కాచుదామంటే ఊరంతా వెతికినా ఎండు పుల్ల దొరకలేదు. బాపు పెరట్లోకి వెళ్లి దర్వాజ మీద గొడ్డలి ఎత్తాడు. టేకు బాగా మండింది, నీళ్లు తొందరగా కాగాయి. అది గుర్తొస్తే లియాఖత్‌కు ఇప్పటికీ ఏడుపు ఆగదు.

అందుకే, గుర్తున్నంతలో మళ్లీ గీస్తున్న ఆ ఒక్క దర్వాజకు అంకెలు చూడలేదు ఆయన. మిగతా వాటికి చూస్తాడు. దీనికి మాత్రం కళ్లు సగం మూసుకుని, బొమ్మ పక్కన గుంటను చూపే పచ్చ గీతను జరిపి జరిపి, అమ్మ చేయి కనిపిస్తుందేమోనని చూసేవాడు. పంపేస్తే అయిపోతుంది. కట్టె తెగాక జరపడానికి గీతంటూ ఉండదు.

కరెంటు పోయింది. తెర నల్లబడింది. షెడ్డులో పంకాలు ఆగిపోయి, రంపపు పొడి వాసన మెల్లగా గదిలోకి వచ్చింది. పొద్దుటి నుంచి ఛాతీలో ఉన్న బరువు మీద చేయి వేసుకుని లియాఖత్ కుర్చీలో వెనక్కి వాలాడు. నల్లటి అద్దంలో నీళ్లు కనిపించాయి. నీళ్ల అడుగున ఊరు ఉంది. గోడలు కరిగిపోయాయి గానీ దర్వాజలన్నీ నిలబడే ఉన్నాయి, చేపలు వాటిలోంచి ఇటూ అటూ పోతున్నాయి. ఒక దర్వాజ దగ్గర ఆకుపచ్చ గాజులు మెరిశాయి. అదిగో, అంత ఎత్తు.

కరెంటు వచ్చేసరికి ఆయన చేతికి అనుమానం లేదు. గుంటను బొమ్మ తలకు బాగా పైన పెట్టాడు. దానికి సరిపడా పైకట్టెనూ ఎత్తాడు. బొమ్మను చెరిపాడు. గీతలను మార్చి, ఫ్లాపీకి ఎక్కించి తీసుకెళ్లి మిషన్ నడిపే దశరథం చేతిలో పెట్టాడు.

దశరథం మీట నొక్కబోయి ఆగాడు. "చిచ్చా, మిషన్ అడుగుతాంది. పక్క కట్టెకు గీ గుంట దేనికని?"

"ఉండనియ్యి. ఊఁ అని చెప్పు దానికి."

"ఇంత ఎత్తెందుకే? ఇంట్ల ఏనుగును గట్టేస్తవా ఏంది?"

లియాఖత్ నవ్వాడు. మిషన్ కట్టెను లాక్కుంది. ఇన్నాళ్లు జరిగిన గీత ఒక చాయ్ తాగేంతలో కట్టె అయిపోయింది. ఇద్దరూ ముక్కలు బిగించి దర్వాజను గోడకు నిలబెట్టారు.

లియాఖత్ దాని పక్కన నిలబడి చేయి ఎత్తాడు. గుంట అందలేదు. మడమలు ఎత్తాడు, అయినా అందలేదు. అప్పుడు తెలిసింది ఆయనకు. తెర మీద బొమ్మ నిండు మనిషి. అమ్మ కొంగు పట్టుకున్నది చిన్న పిలగాడు. పిలగాడి తలపైన ఉన్నదాన్ని తీసుకొచ్చి మనిషి తలపైన పెట్టాడు.

"అయ్యో చిచ్చా, కట్టె కూడా అయిపాయె," అన్నాడు దశరథం నిజంగానే బాధపడుతూ. "సేటును అడిగి ఇంకో కట్టె దెస్త. గుంట కిందికి దించి మళ్ల గొడుదమా?"

లియాఖత్ తలెత్తి గుంటను చూశాడు. ఆయన ముఖంలో ఎన్నడూ లేని తేట కనిపించింది.

"వద్దు దశరథం. అమ్మ చెయ్యి గంత మీదనే ఉండె. నేను నిలబడి జూసిన."

దర్వాజను ఇంటి జాగాకు మోసుకెళ్లే ట్రాలీ వచ్చేదాకా కూర్చుంటానని కడప మీద కూలబడి, ఎడమ నిలువు కట్టెకు తల ఆనించాడు. దశరథం చాయ్ తెచ్చి పక్కన పెట్టాడు. ట్రాలీ వచ్చాక పిలిచాడు, భుజం పట్టి కదిపాడు. చాయ్ మీద మీగడ కట్టింది. పెన్సిల్ చెవి మీదే ఉంది.

జుమ్మా నాడు బాలయ్య మేస్త్రి పనికి రాలేదు, లియాఖత్ సమాధి మీద మట్టి వేయడానికి వచ్చాడు.

నలభైనాళ్ల ఫాతెహా ప్రార్థన అయ్యాక దశరథం షరీఫా దగ్గరికి వచ్చి అమ్మ చేతి సంగతి చెప్పాడు. "గీతలు కంప్యూటర్ల ఉన్నయి చాచీ. గుంట కిందికి జరిపి, నీ చెయ్యికి అందేటట్టు ఇంకో దర్వాజ దీసిస్త."

షరీఫా కళ్లు తుడుచుకుంది. "వద్దు బిడ్డా. ఆయన ఎట్ల జేసిండో అట్లనే నిలబెట్టుండ్రి. గొళ్లెం మటుకు నాకు అందేకాడ పెట్టు."

బాలయ్య పునాది మీద దర్వాజను నిలబెట్టి, రెండు వైపులా వాసాలు ఆనించాడు. దశరథం పైకట్టెకు ఆకుపచ్చ గుడ్డ కట్టాడు. గోడలు ఇంకా లేవు. ముందూ వెనకా జొన్న చేలే. షరీఫా కుడికాలు ముందు పెట్టి కడప దాటింది. ఆగి, ఎడమ చేయి పైకి చాపింది, వేళ్లు గుంటకు మూరెడు కిందనే ఆగాయి. పైన, ఎవరి చేయీ అందని చోట, గుంట ఎవరో ఇప్పుడే చేయి తీసినంత నున్నగా ఉంది.