ఇరుకు గుమ్మంలో ఫెలిజ్మీనా

దగ్గరికి జరగండర్రా, నా మోకాళ్లకి ఆనుకుని కూర్చోండి. ఇది అల్కొబాసా ఊళ్లో ఫెలిజ్మీనా అనే ఆవిడ కథ.

ఆవిడ చెల్లెలు ఒతీలియా సముద్రపొడ్డున నజరే అనే ఊళ్లో చేపలమ్ముకునేది. మొగుడు అల్బానో పోయి నలభై రోజులు. నల్లబట్టలు కట్టింది, సరే. ముద్ద కూడా మానేస్తే ఎలా? రోజుకిన్ని పాలు, అంతే. ఇది కూడా వాడి వెనకే పోయేలా ఉందని అక్కకి బెంగ పట్టుకుంది. తన ఊరి మఠంలో కొవ్వొత్తి వెలిగిద్దామని చెప్పి బస్సెక్కించి తెచ్చుకుంది.

వెలిగించారు. ఆ తర్వాత సన్యాసుల భోజనశాలకి వచ్చారు. అక్కడ గోడలో ఓ ఇరుకు గుమ్మం. పూర్వం అందులో పట్టని సన్యాసికి, పట్టేదాకా పస్తే అంటారు. ఆ ఊరివాళ్లంతా చిన్నప్పుడు పక్కకి తిరిగి దూరినవాళ్లే.

ఒతీలియా పక్కకి తిరగలేదు. తిన్నగా నడిచి వెళ్లిపోయింది. భుజం రాతికి తగల్లేదు!

అది చూసి అక్క గుండె జారిపోయింది. "ఒసేయ్, ఆగవే!" అంటూ కంగారుగా వెనకే దూరి, సగంలో ఇరుక్కుంది.

"లాగవే!"

"ఊపిరి బిగబట్టక్కా."

"బిగబట్టాల్సింది ఊపిరి కాదే, పొట్ట!"

ఒతీలియా రెండు చేతులా లాగింది. చేపల గంపలెత్తిన చేతులవి. అయినా కళ్లు తిరిగి నేలమీద కూలబడింది. "అక్కా, నాలో సత్తువ లేదే," అంది నెమ్మదిగా.

"తినకపోతే ఎక్కణ్ణుంచొస్తుంది? వెళ్లి తినిరా. వచ్చి లాగు. అందాకా నేనిక్కణ్ణుంచి కదలను, నాకూ పస్తే."

ఒతీలియా తేరిపార చూసింది. ఫక్కున నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. వెనక్కి జరిగితే ఎప్పుడో వచ్చేసేదే, అయినా అప్పుడు గానీ అక్క వెనక్కి జరిగి బయటపడలేదు.

ఎదురుగా ఉన్న పూటకూళ్లింట్లో మట్టికుండతో కోడి తెచ్చిపెట్టారు, చిన్నుల్లిపాయలు వేసి వైనులో ఉడికించినది. ఒతీలియా రొట్టెముక్క పట్టుకుని కూర్చుంది.

"ఆయన లేకుండా తినాలంటే సిగ్గుగా ఉందక్కా."

"సిగ్గుపడుతూనే తినవే తల్లీ."

రొట్టె పులుసులో ముంచింది. ఒక ముక్క, ఇంకో ముక్క. కుండ సగమయ్యాక మొహం చిట్లించి, "ఉప్పు చాల్లేదు," అని సణిగింది.

ఫెలిజ్మీనా కళ్లు తుడుచుకుని, వీధి చివరికి వినబడేలా ఉప్పు కోసం కేకేసింది.

గుర్తుపెట్టుకోండమ్మా. దుఃఖంతో ముద్ద ముట్టనివాళ్లు కనిపిస్తే, పక్కన కూర్చుని ఈ కథ చెప్పండి.